తొడుక్కున్న భయం

లెక్కల పీరియడ్ సగంలో ఉండగా తనిఖీ వాళ్ళొచ్చారు.

సారమ్మ టీచరు బోర్డు మీద సమీకరణం రాస్తోంది. కిటికీ అవతల బండి ఆగిన చప్పుడు పిల్లల్లో రత్న ఒక్కతే విన్నది. మిగతా ముప్ఫై ఎనిమిది మందికీ ఆ చప్పుడుతో పనిలేదు. వాళ్ళ ఎడమ మణికట్టు చర్మం కింద బియ్యపు గింజంత నివాస ముద్ర ఉంది. తనిఖీ వాళ్ళ చేతిలోని పలక దగ్గరికి రాగానే అది సన్నగా మోగుతుంది. రత్న చెయ్యి చాపితే ఏదీ మోగదు.

"రత్నా," అంది సారమ్మ వెనక్కి తిరగకుండానే, "స్టోర్ రూంల పెద్ద వృత్తలేఖిని ఉంటది, తీస్కరా పో. దొరకకుంటే దొరికెదాంక ఎతుకు."

రత్న లేచింది. పరిగెత్తకూడదు. పరిగెత్తితే పక్క క్లాసువాళ్ళు చూస్తారు. వరండా చుట్టి, తమ క్లాసు గోడకు ఆవలి వైపున్న స్టోర్ రూంలోకి వెళ్ళి, పాత పటాల చుట్టల వెనక, బీరువాకూ గోడకూ మధ్య ఉన్న సందులో నిలబడింది. నోరు తెరిచి ఊపిరి పీల్చింది. ముక్కుతో పీలిస్తే చప్పుడవుతుంది. గోడ అవతల ముద్రలు ఒకటొకటిగా మోగుతున్నాయి.

"ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, ముప్ఫై తొమ్మిది సంచులు," అన్నదొక మగగొంతు. "ఈ సంచి ఎవరిది టీచరమ్మా?"

రత్న కళ్ళు మూసుకుంది.

"నాదే సార్," అంది సారమ్మ తేలిగ్గా. "తెరిచి చూస్తరా? లోపట నా టిఫిన్ గిన్నె ఉన్నది, పచ్చిపులుసు. పొద్దుగాల మూత సరిగ పెట్టలే. మీ బట్టల మీద పడితె నన్ననొద్దు మల్ల."

పిల్లలు నవ్వారు. తనిఖీ మనిషి కూడా నవ్వినట్టున్నాడు. బండి చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా రత్న ఆ సందులోనే ఉండిపోయింది. తిరిగి క్లాసులోకి వచ్చేసరికి సారమ్మ ఇంకో లెక్కలో ఉంది. "దొరకలేదా? రేపు ఎతుకుదాం తియ్," అని సుద్దముక్క చేతికిచ్చి, మిగతా లెక్క చెయ్యమంది.

సారమ్మకు భయమంటే ఏమిటో తెలియదని బడిలో అందరూ అనేవారు. ఆమె కూడా అలాగే అనుకునేది.

రత్న అసలు పేరు నూకరత్నం. గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక లంకలో పుట్టింది. సముద్రం పైకొచ్చి లంకల్ని ఒక్కొక్కటిగా మింగుతున్న రోజుల్లో, నాలుగేళ్ళ వయసులో తల్లి చంకనెక్కి ఓరుగల్లు వచ్చింది. అప్పటికే, ఎగువ ప్రాంతాన్ని ఏలే మెట్ట మండలి ఒక గడువు పెట్టింది. ఆ తేదీకి ముందు నుంచి మెట్టలో ఉన్నవాళ్ళకు ముద్ర వేశారు. తరువాత వచ్చినవాళ్ళకు వెయ్యలేదు. రత్న కుటుంబం ఐదు నెలలు ఆలస్యంగా వచ్చింది. ముద్ర లేని పిల్లలు పదో తరగతి దాకా చదువుకోవచ్చు. ఆ పైన తరగతి గదిలో కూర్చోవడం నేరం. కూర్చోబెట్టడం ఇంకా పెద్ద నేరం. సారమ్మ రెండేళ్ళుగా ఆ నేరం చేస్తోంది. పూర్తి పేరు వింటే కిందినుంచి వచ్చినవాళ్ళని తెలిసిపోతుందని రత్నగా కుదించింది ఆమే. మాటల చివర 'అండి' రానివ్వొద్దని హెచ్చరించింది కూడా ఆమే.

ఆ సాయంత్రం బడికి యాకూబ్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు, చదువు హక్కు వేదికలో పనిచేస్తున్నాడు. ముద్ర లేని విద్యార్థులు పై చదువులు చదవవచ్చా లేదా అనే తీర్మానం మీద మెట్ట ప్రాంతమంతటా ఓటింగు ఉంది. ఇంకా నలభై రోజులు.

"కరపత్రాలు పంచినం, లెక్కలు చెప్పినం, సభలు పెట్టినం," అన్నాడు యాకూబ్. "ఎవ్వరు వింటలేరు మేడం. వినే కాలం పోయింది. ఇప్పుడందరు తొడుక్కునుడే."

అతను అన్నది నిజమే. మనోలేఖ వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఒకరి జ్ఞాపకాన్ని, అది కలిగిన క్షణంలో ఒంట్లో పుట్టిన అనుభూతితో సహా, లేఖపూసలో పట్టి ఉంచవచ్చు. శనగగింజంత ఆ పూసను చెవి వెనక అంటించుకుంటే ఇంకొకరు దాన్ని తొడుక్కోవచ్చు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మలు మనవలకు మామిడిపండు తిన్న లేఖలు పంపేవారు. రోగులు తమ నొప్పిని మాటల్లో చెప్పడం మానేసి, వైద్యులకు పూసలిచ్చేవారు. భూగోళం క్లాసులో పిల్లలు కొండ ఎక్కినవాడి ఆయాసం తొడుక్కునేవారు. తొడుక్కున్నది ఏదైనా గంటలోపు వదిలిపోయేది. అందుకే ఎవరికీ దాని మీద అనుమానం లేకపోయింది. సారమ్మ ఒక్కతే దాని జోలికి పోలేదు. నా తలకాయల ఇంకొకళ్ళెందుకు అనేది.

యాకూబ్ రత్నవైపు తిరిగాడు. "నీ లేఖ కావాలె చెల్లె. పేరు రాదు, మొఖం రాదు. లోపట ఏమైందో అదొక్కటే పోతది. మనిషైనోడు తొడుక్కుంటె మారకుంట ఉండడు."

ఏ జ్ఞాపకం కావాలో అతను చెప్పలేదు. వాళ్ళ ముగ్గురికీ తెలుసు.

ఇంట్లో తల్లి పేరంటాలు ఒప్పుకోలేదు. ఆమె ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. వేడినీళ్ళలో నాని తెల్లబడ్డ చేతుల్ని కొంగుతో తుడుచుకుంది.

"నీ కడుపులో దడ ఊరందరికీ తొడుగుతారా?" అంది. "ఆళ్ళేం చేసుకుంటారే దాన్ని?"

"ఓటేత్తారమ్మా."

"ఎయ్యకపోతేనో?"

 పేరంటాలు పొయ్యి వైపు తిరిగింది. అన్నం ఉడికేదాకా అటే చూస్తూ కూర్చుంది. గంజి వంచుతూ, "నాన్న చొక్కా లేతనీలం," అంది. "చేతులు మడతెట్టుంటాయి. అది మాత్రం సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఆవేళ నేనే ఉతికి ఆరేశాను."

ఆదివారం మధ్యాహ్నం యాకూబ్ గదిలో రత్న బల్లమీద పడుకుంది. నుదుటికి లేఖ పట్టే చల్లటి పట్టీ కట్టారు. కళ్ళు మూసుకుని మూడేళ్ళు వెనక్కి వెళ్ళింది.

బస్టాండు. తొమ్మిదో తరగతి. తండ్రి బన్నురొట్టెలు కొనడానికి పది అడుగుల దూరంలో ఉన్న కొట్టు దగ్గర నిలబడ్డాడు. తనిఖీ వాళ్ళు రెండువైపుల నుంచీ వచ్చారు. అతని మణికట్టు దగ్గర పలక పెట్టారు. మోగలేదు. మళ్ళీ పెట్టారు. పదిహేనేళ్ళలోపు పిల్లల్ని అప్పట్లో తనిఖీ చేసేవారు కాదు. అయినా వాళ్ళతో పెద్దవాళ్ళుంటే, ఆ పెద్దవాళ్ళతో పాటు శిబిరానికి పంపేవారు. తండ్రి ఒక్కసారి ఆమె వైపు చూశాడు. అంతే, ముఖం తిప్పుకుని బస్సుల వేళలు రాసిన బోర్డు చదవడం మొదలుపెట్టాడు. అతనికి చదువు రాదు.

ఒకతను రత్న దగ్గరికి వచ్చాడు. "నీతోని ఎవరన్న ఉన్నరా పాపా?"

"లేరు," అంది రత్న. 'అండి' అనలేదు.

తండ్రిని ఎక్కించుకుని బండి కదిలింది. ఏ శిబిరానికి తీసుకుపోయారో, బతికే ఉన్నాడో లేడో, ఇప్పటికీ తెలియదు. మొత్తం నాలుగు నిమిషాలు.

పట్టీ విప్పాక ఆమె బల్ల అంచు పట్టుకుని లేచింది. యాకూబ్ ఆ పూసను తన చెవి వెనక పెట్టి చూశాడు. నాలుగు నిమిషాలు పూర్తి కాకుండానే పీకేశాడు. గోడకు ఆనుకుని కూర్చుని, "చాలు," అన్నాడు. "ఇది చాలు."

మొదటి వారంలో ఆ లేఖను పదివేలమంది తొడుక్కున్నారు. మూడో వారానికి ఏడు లక్షలు. బస్సుల్లో మనుషులు ఉన్నట్టుండి ఏడ్చేవారు. ఒక బట్టల దుకాణం యజమాని తన కొట్టు ముందు 'ఆ బిడ్డ చదువుకోవాలి' అని బోర్డు కట్టించాడు. కూరగాయలమ్మే ఆమె ఒకరోజు రత్ననే ఆపి, "గా నీలం అంగి లేఖ తొడుక్కున్నవా బిడ్డా? నాకు అన్నం పోతలేదు," అంది. రత్న తొడుక్కున్నానని చెప్పి, వంకాయలు తీసుకుని నడిచింది. తన తండ్రి చొక్కా ఊరంతటికీ తెలిసినందుకు గర్వపడాలో సిగ్గుపడాలో ఆమెకు తెలియలేదు.

తీర్మానం గెలిచింది. నూటికి అరవై ఒక్కమంది అవునన్నారు. యాకూబ్ మిఠాయి పెట్టెతో ఇంటికి వచ్చి పేరంటాలు కాళ్ళకు మొక్కబోతే ఆమె తప్పుకుని, "బాబూ, ముందు దాన్ని బళ్ళో కూకోనివ్వండి," అంది.

తీర్మానంలో ఆఖరి షరతు ఒకటుంది. ప్రచారం జరిగినన్నాళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ముద్ర లేని ఒక్కొక్క విద్యార్థికీ ముద్ర ఉన్న పెద్దమనిషి ఒకరు నమోదు కార్యాలయానికి స్వయంగా వచ్చి, పలక మీద చెయ్యి పెట్టి పూచీ పడాలి. ఒకరు ఒక్కరికే పూచీ పడాలి. గడువు ఏడు రోజులు. ఓరుగల్లులో అలాంటి విద్యార్థులు నాలుగువందల పన్నెండు మంది. ఏడు లక్షలమంది ఏడ్చిన చోట నాలుగువందల మంది దొరకరా అనుకున్నారు.

మొదటిరోజు యాకూబ్ ఒక పిల్లవాడికి పూచీ పడ్డాడు. అతను కాక మరో ఇద్దరు వచ్చారు. రెండోరోజు ఒక్కరు. మూడోరోజు ఎవరూ రాలేదు.

"వస్తమంటరు, బయలెల్లినమంటరు," అన్నాడు యాకూబ్. నాలుగు రోజుల్లోనే అతని ముఖం పీక్కుపోయింది. "కార్యాలయం గేటు కనవడంగనే కాళ్ళు ఆడుతలేవంట. ఒకామె రిక్షాల కూసోని ఏడ్సుకుంట వాపస్ పోయింది. బట్టల కొట్టాయన లేడూ? బోర్డు కట్టినాయన. తనిఖీ బండి కనవడితె షట్టర్ గుంజుకుంటుండు. ఆయనకు ముద్ర ఉన్నది. ఆయన తాతల కాడికెల్లి ఇక్కడోళ్ళే."

"గంటలో వదిలిపోద్ది కదా?" అంది రత్న.

"మామిడిపండు పోతది. పంటి నొప్పి పోతది. ఇది పోతలేదు. తయారు చేసినోళ్ళను అడిగిన. తొడుక్కునేటోని మనసు అయిపోయినదాన్ని విడిచిపెడ్తదంట. నీ లేఖ అయిపోలే చెల్లె. మీ నాయిన ఇంకా రాలే." అతను తల వంచుకున్నాడు. "దయ పుడ్తదనుకున్న నేను. దయ పుట్టింది. దాని ఎంబడి భయం గూడ వచ్చి కూసున్నది. ఇంట్ల కూసోని ఓటేసుటానికి భయం అడ్డం రాలే. గేటు దాటుటానికి అడ్డమొస్తున్నది."

సారమ్మ ఓటింగు మర్నాటి నుంచి బడికి రావడం లేదు. జ్వరమని సెలవుచీటీ పంపింది. రత్నకు పూచీ తానే పడతానని ఎప్పుడో చెప్పింది కనుక, ఆ సంగతి గురించి రత్నకు అనుమానం రాలేదు. ఆరోరోజు మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళింది.

తలుపు చాలాసేపటికి తెరుచుకుంది, అదీ జానెడు.

"ఎవరన్న చూసిన్రా నిన్ను?" అంది సారమ్మ.

ఆ మాట ఆ నోట రత్న ఎన్నడూ వినలేదు. లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సారమ్మ గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చుంది. వీధిలో ఏదో బండి పోయింది. ఆమె నోరు తెరుచుకుంది. చప్పుడు కాకుండా నోటితో ఊపిరి పీల్చుకుంటోంది.

రత్నకు స్టోర్ రూంలోని సందు గుర్తొచ్చింది. "మీరూ తొడుక్కున్నారా మేడం?"

"ఓటు రోజు. నా పిల్ల లేఖ గదా, నేను తొడుక్కోకపోతె ఎట్ల అనుకున్న." సారమ్మ కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. "రెండేండ్లు నిన్ను స్టోర్ రూంలకు తోలి, పులుసు ముచ్చట చెప్పి నవ్విన. గోడ అవతల నువ్వు గిట్ల ఉన్నవని నాకు తెల్వదు బిడ్డా. తెలిస్తె నా నోట మాటొచ్చేదా? నాకు ధైర్యం లేకుండె. తెల్వకపోవుడే ఉండె."

రత్న వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"రేపు ఆఖరి రోజని తెలుసు. రోజూ చీర కట్టుకుంటున్న. తలుపు కాడికి పోతున్న. అంతే." సారమ్మ ముఖం చేతుల్లో దాచుకుంది. "నువ్వు రోజూ గిట్లనే ఉంటవా?"

"రోజూ ఉండదండి," అంది రత్న. 'అండి' దానంతట అదే వచ్చేసింది. ఆమె వెనక్కి తీసుకోలేదు. "ఆ మర్నాడు ఏం జరిగిందో లేఖలో లేదండి. చెప్పమంటారా?"

సారమ్మ తలెత్తింది.

రత్న ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. "మా అమ్మ ఏడవలేదండి. పొద్దున్నే నాకు జడేసింది. ఎంత బిగించిందంటే కళ్ళు పైకి పోయాయి. బడికెల్లు, ఎల్లకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు అంది. దారిలో రెండుసార్లు వాంతయింది. ఆలస్యంగా వచ్చాను. అప్పుడు మాకు లెక్కలు మీరే. గుమ్మంలోనే ఆపి హోంవర్కేదీ అన్నారు. లేదన్నాను. మొఖం కడుక్కోకుంట బడికొస్తరా, గుడ్లగూబ లెక్క ఏంది ఆ చూపు అని అందరి ముందూ తిట్టారండి."

"నేనా?"

"మీరేనండి. చాలా గట్టిగా. నాకు ఎంత కోపమొచ్చిందంటే, అరగంట సేపు నాన్న గుర్తు రాలేదు. ఆ అరగంట పట్టుకునే సాయంత్రం దాకా కూర్చున్నాను. తరువాతి రోజు ముప్పావుగంట మర్చిపోయాను. అలా పెరిగిందండి. భయం పోలేదు. దాని పక్కన వేరేవి వచ్చి కూర్చున్నాయి. మీరు చెప్పిన లెక్కలు కూడా."

సారమ్మ నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో రత్నకు తెలియలేదు. "గుడ్లగూబ అన్ననా నిన్ను?" అంది. కాసేపయ్యాక మళ్ళీ అంది, "గుడ్లగూబ అన్ననా!" వీధిలో మరో బండి పోయింది. ఈసారి ఆమె తలుపు వైపు చూడలేదు.

"వస్తనని చెప్పలేను బిడ్డా," రత్న లేస్తుంటే అంది సారమ్మ. "చీరైతె కట్టుకుంట."

ఏడోరోజు నమోదు కార్యాలయం వరండాలో మూడువందల తొంభై మందికి పైగా విద్యార్థులు నిలబడి ఉన్నారు. గేటు పక్కనే తనిఖీ బండ్లు రెండు ఆగి ఉన్నాయి. వాటిలోని మనుషులు ఎవరినీ ఏమీ అనడం లేదు. తీర్మానం నెగ్గాక వాళ్ళకు ఆ అధికారం కూడా లేదు. ఊరికే కూర్చుని చూస్తున్నారు. అది చాలింది.

పదకొండు దాటాక సారమ్మ వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది. రత్న ఎదురువెళ్ళబోతే వద్దని చేత్తో సైగ చేసి, ఒక్కతే లోపలికి నడిచింది. పలక మీద చెయ్యి పెట్టేటప్పుడు ఆ చెయ్యి ఎంత వణికిందంటే ముద్ర రెండుసార్లు మోగలేదు. మూడోసారి గుమస్తా ఆమె మణికట్టును మెల్లగా పట్టుకుని ఆనించాడు. మోగింది. విద్యార్థిని పేరు అన్న చోట ఆమె నూకరత్నం అని పూర్తిగా రాసింది.

బయటికి వచ్చాక సారమ్మ మెట్ల మీద కూలబడింది. "అటు చూడు," అంది.

రోడ్డు అవతల, మూసి ఉన్న దుకాణాల చూరు కింద మనుషులున్నారు. ఇందాకటి నుంచీ ఉన్నారు. కొట్లు తెరుస్తారని ఆగినవాళ్ళేమో అనుకుంది రత్న. వంద మంది ఉంటారు, ఇంకా ఎక్కువే కావచ్చు. అందరూ షట్టర్లకు వీపులు ఆనించి నిలబడ్డారు. ఎవరి ఎడమ మణికట్టును వాళ్ళు కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నారు. బోర్డు కట్టించిన బట్టల కొట్టాయన ఉన్నాడు. కూరగాయలామె ఉంది. వాళ్ళంతా వచ్చారు. రోడ్డు దాటలేకపోతున్నారు.

 ఇన్నేళ్ళూ రత్న తనలో దాచుకున్నది అన్ని ఒళ్ళల్లో నిలబడి తనవైపే చూస్తోంది. ఆ ముఖాలు చూస్తే పారిపోవాలనిపించింది. ఆమె పూచీ ఆమెకు దొరికింది. ఇంటికి పోవచ్చు. వరండాలో ఎవరో పిల్ల ఎన్నింటికి మూస్తారని గుమస్తాను అడుగుతోంది.

రత్న గేటు దాటింది. తనిఖీ బండి ముందు నుంచే, పట్టపగలు, రోడ్డు మధ్యకు నడిచింది.  అవతలి ఒడ్డున మొదట దొరికిన మనిషి దగ్గర ఆగింది. ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన, ఆటో నడుపుతాడు కాబోలు.

"నాకు పిల్లల్లేరమ్మా," అన్నాడు ఆమె అడగకముందే. "నాకెవ్వరు పోలే. అయినా కాలు లేస్తలేదు. ఆ బండి చూస్తె గుండె ఆగుతున్నది. మూడు రోజుల సంది వస్తున్న, పోతున్న."

"నాకూ ఆగుద్దండి," అంది రత్న. "ఆ లేఖ నాదేనండి."

పెద్దాయన నోరు తెరిచి ఆమెను చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. ఆ మాట ఆమె బయట చెప్పడం అదే మొదటిసారి. బండ్లలోని మనుషులకు కూడా వినబడే ఉంటుంది.

"బండి వైపు చూడకండి. గేటు వైపు కూడా చూడకండి," అంది.  "నా మడమల వంక చూత్తా నడవండి. నేను ఆగితే ఆగండి. అంతేనండి, ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఆమె వెనక్కి తిరిగి రోడ్డు మీదికి అడుగేసింది. ఒక అడుగు, రెండో అడుగు. వెనక చెప్పుల చప్పుడు ఒకటి మొదలైంది. ఆగింది. మళ్ళీ మొదలైంది. దాని వెనక ఇంకొకటి, కొంచెం కుంటుతున్నట్టు. తరువాత గాజుల చప్పుడు. ఎంతమంది వస్తున్నారో చూడాలని ఆమెకు ప్రాణం లాగేస్తోంది. తాను తల తిప్పితే వాళ్ళ చూపు మడమల మీద నుంచి జారిపోతుందని, తల తిప్పకుండా నడిచింది.